పెట్రోలు తాగిన మగ్గం

ఎమ్మిగనూరులో ఒక చేనేత మగ్గం పెట్రోలు తాగి అరగంటలో ఆదోని చేరింది. దారిలో రెండు బస్సులనూ ఒక పత్తి లారీనీ దాటింది. లారీ డ్రైవరు బండి ఆపి, దిగి, దానికి దణ్ణం పెట్టాడు.

ఆదోని దాకా అనడం కొంచెం ఎక్కువే. నిజానికి అది నేతగాళ్ళ వీధి అయిన మగ్గాల గేరిలో మురుగు కాలువ కూడా దాటలేదు. మగ్గం మొత్తం పోయిందనడం కూడా తప్పే. దాని కింద ఉండే తొక్కుడు చెక్కలు రెండే పోయాయి. లారీ డ్రైవరు సంగతి వదిలేద్దాం. కాని పెట్రోలు తాగిన మాట నిజం, పరుగెత్తిన మాట నిజం. ఆ తర్వాత శేషప్ప ఇంట్లో ఎవరూ నవ్వలేదన్నది అన్నిటికన్నా నిజం.

శేషప్పకు అరవై నాలుగేళ్ళు. నడుము పైభాగం చూస్తే ఎండిన కంది కట్టె. మోకాళ్ళ కింద చూస్తే మాత్రం పహిల్వాను. పద్నాలుగో ఏట మగ్గం గుంటలో కాళ్ళు పెట్టినవాడు, పండక్కీ జ్వరానికీ తప్ప బయటికి తీయలేదు. గుంటలో రెండు చెక్కలుంటాయి. ఒకటి తొక్కితే రెండోది లేస్తుంది, రెండోది తొక్కితే మొదటిది లేస్తుంది. పైన కప్పీ మీదుగా పోయే తాడు రెంటినీ కలిపి ఉంచుతుంది. యాభై ఏళ్ళలో ఆయన రెండు కాళ్ళలో ఏదో ఒకటి ఎప్పుడూ కిందే ఉంది. నిద్రలో కూడా తొక్కుతాడనీ, తెల్లారేసరికి దుప్పటి పేలికలై ఉంటుందనీ గేరిలో చెప్పుకుంటారు. ఆయన భార్య అంబమ్మ ఇందులో సగమే ఒప్పుకుంటుంది. తొక్కడం నిజమేనట, దుప్పటి చిరగడం అబద్ధమట.

వాళ్ళకు ఒక్కతే కూతురు, సుమతి. ఆదోనిలో పత్తి మిల్లులో బేళ్ళు కట్టే యంత్రం దగ్గర పనిచేసే హరికృష్ణకు ఇచ్చారు. రెండేళ్ళ కిందట వానాకాలంలో వచ్చిన జ్వరం సుమతిని తొమ్మిది రోజుల్లో తీసుకుపోయింది. అప్పటికి ఆమె కూతురు సంధ్యకు ఆరేళ్ళు. హరికృష్ణ మిల్లుకు పోతే పిల్లను చూసేవాళ్ళు లేక, సంధ్య తాత ఇంటికి వచ్చింది. బడి నుంచి వచ్చి మగ్గం గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి, తాత కాళ్ళ పక్కన తన కాళ్ళు ఆడిస్తూ ఎక్కాలు చదివేది. ఆ పిల్ల ఎక్కాల లయకు శేషప్ప నేత కుదిరిపోయింది. పన్నెండో ఎక్కం దగ్గర పిల్ల తడబడితే ఆయన చేతిలో అడ్డపోగు వేసే నాడె కూడా తడబడేది.

ఈ ఏడు మాఘమాసంలో హరికృష్ణ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. కొత్త భార్య పేరు లక్ష్మి. చెడ్డది కాదు. ఒకసారి ఎమ్మిగనూరు వచ్చి సంధ్యకు తల దువ్వి జడ వేసింది. సంధ్య దువ్వినంతసేపూ కదలకుండా కూర్చుంది, లేచాక జడ విప్పేసుకుంది. వెళ్ళే ముందు హరికృష్ణ మామను పక్కకు పిలిచి, బడులు తెరిచేనాటికి పాపను ఆదోనికి తీసుకుపోతానన్నాడు. తండ్రి బిడ్డ తండ్రి దగ్గరికి పోవడానికి తాత ఏమంటాడు? అంబమ్మ ఊరుకోలేదు. తల్లి లేని పిల్లను మళ్ళీ ఇంకో చోటికి మారుస్తావా అని అల్లుణ్ణి నిలదీసింది. హరికృష్ణ చివరికి ఒక మాట అన్నాడు.

"ఎండాకాలం సెలవులు రానీ అత్తా. అప్పుడు పాపనే అడుగుదాం. యాడుంటానంటే ఆడ. నేను మాట తప్పను."

ముగ్గురూ ఒప్పుకున్నారు. శేషప్పకు ధైర్యం వచ్చింది. రెండేళ్ళు గుంట అంచున కూర్చున్న పిల్ల ఇంకేం చెబుతుంది?

పది రోజుల తర్వాత ట్రాలీ ఆటోలో ఆదోని నుంచి బండి దిగింది. పిల్లలు తొక్కుకునే బొమ్మ కారు కాదు. నేలకు జానెడెత్తులో ఇనుప చట్రం, నాలుగు లావుపాటి చక్రాలు, ఎర్ర సీటు, అసలైన స్టీరింగు. మిల్లు యజమాని కొడుకు ఆడుకుని పెద్దవాడై వదిలేసిన బ్యాటరీ బండి. యజమాని హరికృష్ణకు ఇచ్చాడు, హరికృష్ణ బిడ్డకు పంపాడు. కాలు పెడితే చప్పుడు లేకుండా కదిలేది. కాలు తీస్తే పిల్లి మాదిరి అక్కడికక్కడే నిలబడిపోయేది. ఇది బండి కాదు, ఎర అని అంబమ్మ ఆ రోజే అంది. శేషప్ప కోప్పడ్డాడు. అయ్య బిడ్డకు ఆటబొమ్మ పంపడం కూడా తప్పేనా అన్నాడు. ఆ రాత్రి ఆయనకు మాత్రం అన్నం సహించలేదు.

పన్నెండు రోజులు సంధ్య బండి దిగలేదు. గుంట అంచు ఖాళీ అయింది. పదమూడో రోజు కరెంటు హెచ్చుతగ్గుల్లో చార్జరు కాలి, దానితోపాటు లోపల ఇంకేదో కూడా కాలి, సీటు కింద నుంచి మాడిన వాసన వచ్చింది. బండి ఇక కదల్లేదు. సంధ్య ఏడవలేదు. సాయంత్రం అన్నం తింటూ మామూలుగా అంది.

"ఆదోనికి పోతే నాయన బాగు చేపిస్తాడు. మిల్లులో అందరూ మెకానిక్కులే అంట. నేను ఆడికి పోతా అవ్వా."

అంబమ్మ మొగుడి మొహం చూసింది. ఆయన చేతిలో ముద్ద అట్లాగే ఉంది.

మర్నాడు శేషప్ప బండిని తోపుడు బండి మీద వేసుకుని ఆదోని రోడ్డులో మద్దయ్య కొట్టుకు తీసుకుపోయాడు. మద్దయ్య పత్తి చేలకు మందు కొట్టే పంపులు, గడ్డి కోసే యంత్రాలు బాగుచేస్తాడు. మాట పెళుసు, పని గట్టి. బండిని బోర్లా తిప్పి చూసి, మోటారూ పోయింది, దాన్ని నడిపే పెట్టె కూడా పోయింది, ఇవి బెంగుళూరు నుంచి రావాల్సిందే, వచ్చినా నెల పడుతుందని తేల్చాడు. నెల దాకా ఆగితే సెలవులు అయిపోతాయి. శేషప్ప కొట్టు నలుమూలలా చూశాడు. మూలన ఒక గడ్డి కోసే యంత్రం పడి ఉంది. దేవనకొండ రైతు ఒకడు పొడుగాటి గొట్టం వంచేసుకుని, మళ్ళీ రాకుండా వదిలేసిపోయింది. దాని తలకాయలో చిన్న పెట్రోలు ఇంజను. శేషప్ప దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

మద్దయ్య ముందు నవ్వాడు. తర్వాత తల గోక్కున్నాడు. ఆ తర్వాత, అవుతాది గానీ అన్నాడు. అయ్యీ కానట్టుండే పనికంటే మెకానిక్కును రెచ్చగొట్టేది లోకంలో లేదు. శేషప్ప తాను నేసిన దుప్పటి ఒకటి తెచ్చి ఇచ్చాడు. మద్దయ్య దాన్ని భార్యకు పంపి ఇంజను విప్పాడు.

ఐదు రోజులు పట్టింది. మోటారు ఉన్న చోట ఇనుప పట్టీ అతికించి ఇంజను కూర్చోబెట్టారు. సైకిలు గొలుసు వేస్తే చక్రాల పళ్ళకు కుదరలేదు, రెండుసార్లు తెగింది. మూడోసారి మద్దయ్య మోపెడ్ గొలుసు వెతికి వేశాడు. పొగగొట్టం సీటుకు ఆనుకుని కాలుతుంటే దానిమీద రేకు కప్పారు. ఇంజను ఆపే మీట ఇంజను మీదే ఉంది, అది సీటు వెనకాల పడింది. దాన్ని ముందుకు తేవాలంటే వైరు పొడుగు చాలలేదు. సరేలే, నేను పక్కనే ఉంటాగా అన్నాడు శేషప్ప. పెట్రోలులో ఎంత నూనె కలపాలో మద్దయ్య చెప్పాడు. శేషప్ప ఆ కొలత గంజిలో నూనె కలిపేవాడి శ్రద్ధతో నేర్చుకున్నాడు. చేతులకు పెట్రోలు వాసన, గోళ్ళలో నలుపు. ఆ ఐదు రోజులూ ఆయన సంతోషంగా ఉన్నాడు. ఆయన జీవితంలో అవే కడపటి సంతోషపు రోజులని అప్పుడు ఎవరికి తెలుసు?

చివరికి తొక్కేవి మిగిలాయి. పాత బండికి ఉన్నది కరెంటు తొక్కుడు. పెట్రోలు ఇంజనుకు అది పనికిరాదు. మద్దయ్య సైకిలు బ్రేకు తీగలు రెండు ఇచ్చి, ఒకటి వేగానికి, ఒకటి బ్రేకుకు అని చెప్పి, ఇనుప తొక్కుళ్ళు రేపు చేస్తానన్నాడు. పాప మాట అడగడానికి ఆదివారం హరికృష్ణ వస్తున్నాడు. అది గురువారం. శేషప్ప రేపటి దాకా ఆగలేకపోయాడు.

చేనేత సొసైటీ నూలు ఇవ్వక రెండు వారాలుగా ఆయన మగ్గం ఖాళీగా ఉంది. ఇంటికి పోయి గుంటలోకి దిగి, తొక్కుడు చెక్కలు రెండూ విప్పాడు. గట్టి టేకు, యాభై ఏళ్ళ పాదం కింద అద్దంలా నునుపెక్కినవి. అంబమ్మ గడపలో నిలబడి, మగ్గం కాళ్ళు ఇరుస్తాండావా అని అడిగింది. ఆయన చెక్కలను కొలతకు కోసి బండికి బిగించాడు. కుడి చెక్కకు వేగం తీగ, ఎడమ చెక్కకు బ్రేకు తీగ. రెంటినీ కలుపుతూ, స్టీరింగు కింద చిన్న కప్పీ మీదుగా ఒక తాడు. వేగం తొక్కితే బ్రేకు లేస్తుంది, బ్రేకు తొక్కితే వేగం లేస్తుంది. ఇంతకంటే చక్కటి ఏర్పాటు ఏ కంపెనీ వాడికి తోస్తుంది?

మర్నాడు చూసి మద్దయ్య మొహం చిట్లించాడు.

"పాప కాలు తీస్తే ఇది నిలబడదు మామా. ఇంజనులో ఉండే ఇంతంత స్ప్రింగు నీ టేకు మానును లేపుతాదా? పైన గట్టి స్ప్రింగు ఒకటి పెట్టు."

"కాలెందుకు తీస్తాదప్పా? ఒకటి ఇడిస్తే ఇంకోటి తొక్కాల, అంతే. యాభై ఏండ్లు తొక్కినా, ఒక్క పూట రెండు కాళ్ళూ ఎత్తినానా?"

"నువ్వు ఎత్తవు. ఆ యమ్మి నువ్వు కాదు కదా."

"నువ్వు పంపులు సూస్కో. కాళ్ళ సంగతి నాకు సెప్పొద్దు."

మద్దయ్య చేతులు తుడుచుకుని, నీ ఇష్టమన్నాడు. స్ప్రింగు మాత్రం ఒకటి కాగితంలో చుట్టి ఆయన జేబులో పెట్టాడు.

శుక్రవారం సాయంత్రం గేరిలో బండి లేచింది. ఆ చప్పుడుకు కోళ్ళు మూడు రోజులు గుడ్లు మానేశాయని అంటారు. ఒక రోజు మానేసి ఉండొచ్చు. జనం మగ్గాలు వదిలి బయటికి వచ్చారు. ఎదురింటి పెద్దయ్య, శేషప్ప వయసువాడే, అరుగు మీద నుంచి, ఏం శేషప్పా, మగ్గం కాళ్ళు తీసి మనవరాలికి పెట్టినావా అని ఎగతాళి చేశాడు. శేషప్ప బండి పక్కనే పరుగులాంటి నడకతో, ఒక చేయి సీటు వెనక ఆపే మీట మీద ఉంచి, "కుడి… ఎడమ… కుడి…" అంటూ నేత నేర్పినట్టే నేర్పాడు. సంధ్య పెదవి కొరుక్కుంటూ, ఒక కాలు దించి ఇంకో కాలు ఎత్తి, సందు చివరి దాకా పోయి వచ్చింది. శనివారం పొద్దున మళ్ళీ, సాయంత్రం మళ్ళీ. చివరిసారి ఇంజను ఆపినప్పుడు పిల్ల మొహమంతా దుమ్ము, పళ్ళు మాత్రం తెల్లగా.

"రేపు నాయన వస్తాడు కదా తాతా. ఈడే ఉంటానని సెప్తా. నాయనకు ఇట్లాంటి బండి చేయడం రాదు."

ఆ మాట విని శేషప్ప ఇంట్లోకి పోయి, నీళ్ళు తాగే సాకుతో మొహం తుడుచుకున్నాడు. జేబులో స్ప్రింగు కాగితంలోనే ఉంది.

ఇక్కడ గేరి సంగతి కొంచెం చెప్పాలి. శేషప్ప ఇంటి సందు పోయి పోయి పెద్ద గేరిలో కలుస్తుంది. పొద్దున ఎండ ఎక్కక ముందే ఆ పెద్ద గేరిలో ఎవరో ఒకరు పడుగు సాగదీస్తారు. గేరి ఈ కొస నుంచి ఆ కొస దాకా రెండు వేల పోగులు, నడుమెత్తులో, కత్తెర కర్రల మీద. దానికి గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఆరబెడతారు. సందు నోటికి అది అడ్డంగా ఉంటుంది. అయినా ఎవరి దారీ ఆగదు. ఎవరైనా వస్తే పక్కనున్నవాళ్ళు "ఎత్తండప్పా" అంటారు, నలుగురు చేతులు వేసి పడుగును తలల మీదికి ఎత్తుతారు, వచ్చినవాళ్ళు కింద నుంచి దాటిపోతారు. సైకిలు, మేక, పెళ్ళికొడుకు, పాడె, అన్నీ అట్లా దాటినవే. పాడె మీది శవం కూడా పోగులు తగలకుండా తల వంచిందని ఒక కథ ఉంది. వంచి ఉండదు. కాని ఆ గేరిలో పుట్టినవాడు పడుగు తెగనిచ్చాడన్న కథ మాత్రం ఒక్కటీ లేదు. పోగు తెగితే ఇంటిల్లిపాదికీ నెల రోజుల తిండి తెగినట్టే. ఇది వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆదివారం పొద్దున రామన్న పడుగు సాగి ఉంది. రామన్న కొత్తగా పెళ్ళయిన నేతగాడు, సొంతంగా వేసిన మొదటి పడుగు అది. తడి గంజితో తళతళలాడుతోంది. ఎనిమిది దాటాక హరికృష్ణ బస్సు దిగి, పెద్ద గేరిలోంచి నడిచి వచ్చి, పడుగుకు అవతల మురుగు కాలువ పక్కన నిలబడ్డాడు. చేతిలో మిఠాయి పొట్లం. సందులో బండి మీద కూర్చున్న కూతురు కనిపించి చేయి ఊపాడు.

సంధ్య అప్పటికే బయల్దేరింది. శేషప్ప పక్కనే నడుస్తున్నాడు. అల్లుణ్ణి చూసి పైపంచ సర్దుకోవడానికి మీట మీద నుంచి చేయి తీశాడు. రెప్పపాటే. పిల్ల నాయనను చూసి వేగం చెక్కను ఇంకాస్త తొక్కింది. బండి ఆయన చేతికి అందనంత ముందుకు పోయింది.

సందు చివరికి వస్తుండగా సంధ్య ఆగాలనుకుంది. నాయన పంపిన బండిని పన్నెండు రోజులు ఎట్లా ఆపిందో అట్లాగే ఆపింది. రెండు కాళ్ళూ ఎత్తేసింది. రెండు చేతులు కూడా ఎత్తి నాయనను పిలిచింది.

చెక్క లేవలేదు. తొక్కిన చోటే, మగ్గం గుంటలో ఉన్నట్టే, కదలకుండా ఉండిపోయింది. బండి పోతూనే ఉంది. ముందు పడుగు, పడుగు వెనక పది అడుగుల్లో రాతి కాలువ.

పడుగు దగ్గర ఆరుగురున్నారు. చేతులు వేయాలా వద్దా అని ఒక్క క్షణం ఆగారు. పరుగెత్తుతున్న శేషప్ప గొంతు అప్పుడు గేరి అంతా వినబడింది.

"ఎత్తండి! ఎత్తండప్పా!"

ఎత్తారు. రామన్న పడుగు ఒక్క పోగు తెగకుండా ఆరుగురి తలల మీదికి లేచింది. దాని కింద నుంచి బండి చక్కగా దాటిపోయి, హరికృష్ణ చేయి చాచినా అందకుండా, అతని పక్క నుంచే పోయి కాలువ అంచుకు కొట్టుకుంది. సంధ్య ముందుకు ఎగిరి కుడి మోచేయి మీద పడింది. ఇంజను కాలువలో పడి, నీళ్ళలో కాసేపు కొట్టుకుని, ఆగింది.

ఆదోనిలో ఎముకల డాక్టరు మోచేతిలో స్టీలు ప్లేటు వేశాడు. ప్రాణభయం లేదన్నాడు, చేయి మాత్రం పూర్తిగా చాపలేకపోవచ్చు అన్నాడు. గేరిలో వాదన మొదలైంది. రామన్న నిజాయితీపరుడు. తన పడుగు మిగిలినా, ఎత్తకుండా ఉంటే రెండు వేల తడి పోగులు వల మాదిరి బండిని పట్టుకునేవని, తెగితే తెగేవని అందరి ముందూ అన్నాడు. పెద్దయ్య ఒప్పుకోలేదు. పోగులు పాప మెడకు చుట్టుకునేవి, ఎత్తమనబట్టే బతికింది అన్నాడు. ఇద్దరిలో ఎవరిది నిజమో ఈనాటికీ తేలలేదు.

శేషప్పకు ఆ వాదనతో పని లేదు. ఆయనకు తెలిసింది వేరే. కేక వేసినప్పుడు ఆయన మెడ గురించి ఆలోచించలేదు, వల గురించీ ఆలోచించలేదు. కళ్ళ ముందు ఉన్నది తెల్లటి పడుగు. దాని మీదికి ఏదో వస్తోంది. అది తెగకూడదు. అంతే. ఆ ఏదో తన మనవరాలన్న ధ్యాసే ఆ క్షణంలో ఆయనకు లేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అంబమ్మకు చెప్పకుండానే తెలిసింది.

మూడో రోజు ఆసుపత్రిలో లక్ష్మి పిల్లకు పాలు తాగిస్తోంది. హరికృష్ణ మంచం కాళ్ళ వైపు నిలబడ్డాడు. శేషప్ప గదిలోకి రాలేదు, తలుపు దగ్గరే ఉన్నాడు. హరికృష్ణ ఆ మూడు రోజుల్లో మామను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. బండిని ఎవరు మార్చారో, చెక్కలు ఎక్కడివో మద్దయ్య అప్పటికే చెప్పి ఉన్నాడు. పిల్లకు నాయన మౌనం అర్థమైంది. పాలు పక్కకు నెట్టింది.

"తాతను కొట్టొద్దు నాయనా. దారాలు నన్ను కోస్తాయని తాతే ఎత్తమన్నాడు. లేకపోతే నేను సచ్చిపోయేదాన్ని."

ఎవరూ కొట్టడానికి పోలేదు. హరికృష్ణ మామ వైపు తిరిగాడు.

"పాప యాడంటే ఆడ అన్నాను మామా. ఇప్పటికీ అదే మాట." పిల్ల దగ్గరికి వంగి అడిగాడు. "సెప్పమ్మా. యాడుంటావు?"

"తాత ఇంట్లో."

అంబమ్మ ఊపిరి వదిలింది. లక్ష్మి చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టి పక్కకు జరిగింది. అందరూ తలుపు వైపు చూశారు. ఏ మాట కోసం శేషప్ప మగ్గం విప్పాడో, ఐదు రోజులు చేతులు నల్లబరుచుకున్నాడో, ఆ మాట వచ్చింది. ఆయన చేయాల్సిందల్లా లోపలికి రావడమే.

"వద్దు," అన్నాడు శేషప్ప. "నువ్వే తీస్కపో హరీ. మా ఇంట్లో వద్దు."

"ఏం తాతా?" అంది సంధ్య.

ఏమని చెబుతాడు? నువ్వనుకున్న తాత వేరే, ఆ పొద్దు కేక వేసినవాడు వేరే అనా? పిల్ల కట్టు కట్టిన చేయి గుండెల మీద పెట్టుకుని, మెల్లగా గోడ వైపు తిరిగింది. అంబమ్మ మొగుణ్ణి ఒక చూపు చూసింది. ఆ చూపు తర్వాత వాళ్ళిద్దరి మధ్య మాటలు తగ్గిపోయాయి. ఎమ్మిగనూరు బస్సులో ఇద్దరూ వేరువేరు సీట్లలో కూర్చున్నారు.

జూన్ నుంచి సంధ్య ఆదోనిలో చదువుతోంది. ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంది, లక్ష్మి దగ్గరుండి నేర్పింది. ఈమధ్య జడ విప్పేసుకోవడం లేదట. అంబమ్మ నెలకోసారి పోయి చూసి వస్తుంది. శేషప్ప పోడు. పండక్కి రమ్మని హరికృష్ణ ఫోను చేస్తే, మగ్గం పని ఉందంటాడు. సొసైటీ నూలు మళ్ళీ వచ్చింది. వడ్రంగి కొత్త చెక్కలు చేసి బిగించాడు. గేరిలో ఎవరిదైనా పడుగు సాగుతుంటే శేషప్ప ఆ పొద్దు ఇల్లు కదలడు. ఎవరైనా "ఎత్తండప్పా" అంటే, లోపల ఆయన నాడె ఆగిపోతుంది.

ఈ కథ ఊళ్ళు దాటింది. దాటే కొద్దీ పెరిగింది. గూడూరులో చెప్పేటప్పటికి బండికి రెక్కలు వచ్చాయి. అక్కడి నుంచి దుప్పట్లు కొనడానికి వచ్చిన ఈరన్న అనే వ్యాపారి, శేషప్ప గడపలో కూర్చుని, మగ్గాన్ని పెట్రోలుతో నడిపింది నువ్వేనంట కదా పెద్దాయనా అని నవ్వుతూ అడిగాడు. లోపల అంబమ్మ చాట పక్కన పెట్టింది.

శేషప్ప తల ఎత్తలేదు. కొత్త చెక్కల మీద కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి.

"ఎవురు సెప్పినారప్పా నీకు? మా ఇంటికి ఏ బండీ రాలే. పెట్రోలు వాసన ఎట్లుంటాదో నాకు తెల్దు. మద్దయ్య ఎవురో నాకు తెల్దు. పాప చెయ్యి ఆదోనిలో మెట్ల మీంచి పడి ఇరిగింది. ఆ పొద్దు నేను ఊళ్ళోనే లేను, దేవనకొండకు పోయింటి. అంతా అబద్ధం. నేను కేక ఎయ్యలా. ఎవురినీ ఏమీ ఎత్తమనలా."

కేక సంగతి ఈరన్న అడగనే లేదు.